ముప్పై ఒక్క అడుగుల జెముడు

వెల్లంపేట పురపాలక సంఘం వారు మెయిన్ రోడ్డు వెడల్పు చేసే మహాకార్యంలో ఊళ్లో ఉన్న నాలుగొందల పైచిలుకు చెట్లనీ నేలమట్టం చేశారు. చేతులు దులుపుకుని ఓసారి వెనక్కి తిరిగి చూసుకునేసరికి వాళ్లకి మొక్కల మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. ప్రేమ పుడితే ఊరుకుంటారా? పథకం పెట్టారు. దాని పేరు 'హరిత గుర్తింపు'. ఊళ్లో మిగిలిన ప్రతి మొక్కా, పెరట్లో ఉన్నా డాబా మీద కుండీలో ఉన్నా, ఆఫీసులో నమోదు కావాలి. నమోదైనదానికి నంబరిచ్చి రేకు బిళ్ల కడతారు. బిళ్ల కట్టిన మొక్క మీద అనుమతి లేకుండా కత్తి గానీ, గొడ్డలి గానీ, 'తత్సమానమైన ఏ ఇతర పదునుగల ఆయుధము గానీ' ప్రయోగిస్తే నేరం.

ఊళ్లో జనం అమాయకులేం కాదు. ఇంటింటికీ పంచిన ఫారంలో 'తులసి, ఒకటి' అని రాసి పడేశారు. పెరట్లో పనసచెట్టున్న ప్లీడరు గారు కూడా అదే రాశారు. ఊరు మొత్తం మీద నిజం రాసినవాడు ఒక్కడే. అతను బొండాడ సత్యలింగం.

సత్యలింగం రిజిస్ట్రారు ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్లుగా దస్తావేజులకు నకళ్లు రాస్తున్నాడు. ముద్ర పడిన కాగితం చేతికొస్తే నిలబడి చదివే రకం. ఆ మనిషికి ఉన్న పిచ్చల్లా ఒక్కటే, జెముడు మొక్కలు. కొనుక్కొచ్చే పిచ్చయితే ఇంట్లో గొడవుండేది కాదు. ఇతనిది విత్తనం నించి మొలిపించే పిచ్చి. పండు కోసి, గుజ్జు కడిగి, ఆవగింజలో సగం ఉండే గింజల్ని నీడన ఆరబెట్టి, జల్లించిన ఇసక నింపిన స్వీటు డబ్బాల్లో చల్లి, మూతపెట్టి, పక్కన భూతద్దం పట్టుకుని కూచుంటాడు. ఏడాది కూచుంటే మొక్క శనగ్గింజంత అవుతుంది.

"ఆ భూతద్దం పెట్టి ఒక్కసారి నా మొహం చూడండి. ఎంత చిక్కిపోయానో తెలుత్తాది," అనేది భార్య మాణిక్యం.

ఆదివారం పొద్దున్న మొదలెట్టి దీపాలు పెట్టే వేళకి సత్యలింగం ఫారం వెనక అదనపు కాగితాలు కుట్టి, రెండువందల పన్నెండు మొక్కలు రాశాడు. మాణిక్యం చూసి నెత్తి కొట్టుకుంది.

"ఊరంతా తులసొకటి అన్రాత్తే మీకేం తెగులొచ్చిందండీ?"

"గవర్నమెంటు కాగితం మాణిక్యం. అబద్ధం ఎలా రాస్తాను?"

పది రోజులకి వృక్ష పరిశీలకుడు పోలిశెట్టి ధనుంజయరావు టేపూ, ట్యాబూ, రిజిస్టరూ పట్టుకుని డాబా ఎక్కాడు. చెడ్డవాడేం కాదు. గడి కనబడితే నింపడం తప్ప వేరే దురలవాటు లేనివాడు. వరసగా బిళ్లలు కట్టుకుంటూ నూట పద్దెనిమిదో మొక్క దగ్గరికొచ్చాడు. అది డ్రాగన్ ఫ్రూటు కాడ, జెముడు జాతిదే. మూడు పలకలుగా, బొటనవేలి లావున, జానెడు పొడుగుంది.

"చుట్టుకొలత ఛాతీ ఎత్తున తియ్యాలండి," అన్నాడు ధనుంజయరావు.

"దీనికి ఛాతీ ఎక్కడుందండీ?"

"దానికి కాదండి, నాకు. కొలిచే అధికారి ఛాతీ ఎత్తున అని రూలు."

ధనుంజయరావు అటూ ఇటూ చూసి ఓ స్టూలు తెప్పించాడు. చాల్లేదు. స్టూలు మీద పీట వేయించి, పీట మీద కుండీ పెట్టించాడు. మొక్క సరిగ్గా అతని చొక్కా జేబు దగ్గరికొచ్చింది. "ఆఁ, ఇప్పుడు రూలుకి వచ్చింది," అని కొలిస్తే మూడంగుళాలు తేలింది. ట్యాబు అడుగుల లెక్కే తీసుకుంటుందిట. ఒకటికి తక్కువ కొడితే ఎర్రగా మెరిసి కేకపెట్టింది. ఒకటి కొట్టాడు. పచ్చగా మెరిసి ఊరుకుంది.

"ఇహ ఎత్తు. నేల మీంచి కొలవాలి."

"ఇదే కదండీ నేల?" అని సత్యలింగం కాలితో డాబాని తట్టాడు.

"ఇది శ్లాబండీ. నేలంటే భూమండీ," అని ధనుంజయరావు పిట్టగోడ మీంచి టేపుని వీధిలోకి జారవిడిచాడు. రెండంతస్తులు, స్టూలు, పీట, కుండీ, మొక్క, అన్నీ కలిపి ముప్పై ఒక్క అడుగులు. సత్యలింగానికి నవ్వొచ్చింది గానీ, రిజిస్టరు ముందుపెట్టి సంతకం చెయ్యమనేసరికి నవ్వు దానంతటదే ఆగిపోయింది. చేసేశాడు.

మార్చి నెలాఖర్లో ఓ పొద్దున్న స్వీటు డబ్బా మూత తీసి చూసిన సత్యలింగం భూతద్దం అందుకున్నాడు. డబ్బాలో అరవై పిల్లలు మొలిచాయి. గుండుసూది తలకాయలంతేసి, అన్నీ ఆకుపచ్చవి. అరవై ఒకటోది పసుపుముద్దలా పచ్చగా మెరిసిపోతోంది.

"మాణిక్యం! ఓ మాణిక్యం! పసుప్పచ్చది వచ్చిందే!"

మాణిక్యం పోపు మాడిపోతున్నా వదిలేసి పరిగెత్తుకొచ్చింది. ఇలాంటిది వెయ్యి గింజల్లో ఒకటి మొలిస్తే మొలుస్తుంది, లేకపోతే లేదు. కడియం నర్సరీల్లో పచ్చకాడ మీద పసుపు బంతిలా అమ్మే మొక్కలు ఇవే, కానీ సొంత గింజ నించి మొలిపించుకున్నవాడు ఆ చుట్టుపక్కల లేడు. చిక్కల్లా ఏమిటంటే, దీని ఒంట్లో పత్రహరితం లేదు. సొంతంగా వండుకోలేదు. గింజలో తల్లి కట్టిచ్చిన చద్దిమూట ఉన్నన్నాళ్లే, మహా అయితే ఇరవై రోజులు, బతుకుతుంది. ఈలోగా పచ్చటి కాడ ఒకదాని తల కోసి, ఆ కోత మీద దీన్ని అంటు కడితే, కింది కాడ వండిపెడుతుంది, పైది తిని పెరుగుతుంది. తొమ్మిదేళ్లలో రెండుసార్లు ఇలాంటిది మొలిచింది. మొదటిసారి సత్యలింగానికి సంగతి తెలీక చచ్చిపోయింది. రెండోసారి చెయ్యి వణికి, ఇసకలో జారిపడి, భూతద్దానికి కూడా దొరకలేదు. ఆ రోజు అతను అన్నం తినలేదు.

స్పిరిట్‌తో తుడిచిన బ్లేడు పట్టుకుని నూట పద్దెనిమిది ముందు కూచున్నాడు. కాడ మెడలో రేకు బిళ్ల తళుక్కుమంది. చెయ్యి ఆగిపోయింది.

"కొయ్యండీ!" అంది మాణిక్యం.

"నంబరుందే దీనికి."

"పోనీ నంబరు లేందాన్ని కొయ్యండి."

"లేందేదీ? అన్నీ రాసేశానుగా."

కొత్త కాడ కొనితెచ్చుకుందామన్నా, ఊళ్లోకొచ్చే మొక్క ముందు నెల్లాళ్లు నమోదు వరసలో నిలబడాలి. సత్యలింగం బ్లేడు పక్కన పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, అర్జీ పట్టుకుని ఆఫీసుకెళ్లాడు.

నరకడానికి అనుమతి కోరే ఫారంలో కారణాలు నాలుగే ఉన్నాయి. రోడ్డు వెడల్పు, కూలే ప్రమాదం, ఎండిపోవుట, ప్రముఖుల రాక. అంటు కట్టడం అన్నది లేదు. లేని కారణం గనక ఫైలు కమిషనరు గారి బల్ల మీదికి పోయింది. నాలుగు రోజులు తిరిగాక దర్శనమైంది.

"చూడండి సత్యలింగం గారూ," అన్నారు కమిషనరు గారు కుర్చీలో వెనక్కి వాలి. "హరిత వెల్లంపేట అనే సమున్నత లక్ష్య సాధనలో ప్రతి పౌరుడూ భాగస్వామి కావలసిన ప్రస్తుత తరుణంలో, మీరొక ముప్పై ఒక్క అడుగుల వృక్షానికి శిరచ్ఛేదం ప్రతిపాదిస్తున్నారు."

"ముప్పై ఒక్క అడుగులు కాదండి, జానెడండి," అని సత్యలింగం వేళ్లు చాపి చూపించాడు.

"అయితే రిజిస్టరు తప్పంటారా?"

రిజిస్టరులో ఉన్నదే నిజమని ఇరవై ఎనిమిదేళ్లుగా కిటికీలోంచి జనానికి చెప్పి పంపిస్తున్న సత్యలింగం, రిజిస్టరు తప్పని ఏ నోటితో అంటాడు?

"లేదండి," అన్నాడు.

"మంచిది. పోతే, ఒకదాని తల తీసి మరొకదాన్ని పైన నిలుపుతామన్నారు. అనంతరం ఈ నంబరు కింది మొక్కకు చెందునా, పై మొక్కకు చెందునా? ఒకే చిరునామాలో ఇద్దరున్నప్పుడు కింది వారి నిరభ్యంతర పత్రం జతపరచారా?"

"మొక్క సంతకం పెట్టలేదు కదండీ."

"సంరక్షకుడు పెట్టవచ్చు. కాని ఇందులో మీకు స్వప్రయోజనం ఉన్నది గనక మీరు తగరు."

అంచేత నూట పద్దెనిమిదో మొక్కకి తటస్థ సంరక్షకుడిగా ధనుంజయరావుని నియమించారు. అతను డాబా ఎక్కి, మొక్క ముందు పది నిమిషాలు నిలబడి, 'విచారించగా సదరు మొక్క ఎట్టి అభ్యంతరమూ తెలుపలేదు' అని రాసుకుపోయాడు. అప్పటికి తొమ్మిది రోజులు గడిచాయి.

ఇంక ప్రజల అభ్యంతరాలు వినాలి. 'ఇందుమూలముగా యావన్మంది ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ముప్పై ఒక్క అడుగుల ఎత్తు గల వృక్షమును నరుకుటకు అర్జీ అందియున్నది' అని కుండీ మీదొకటి, వీధి గుమ్మం మీదొకటి కాగితాలంటించారు. కుండీ మీది కాగితం వెనక మొక్క కనబడకుండా పోయింది.

మర్నాడు హరిత మిత్ర మండలి వారు బ్యానరూ మైకూ వేసుకుని వీధిలో దిగారు. ఊళ్లో నాలుగొందల చెట్లు కూలుతున్నప్పుడు వీళ్లు లేరు, మండలి పుట్టి నెలన్నరే అయింది. ఇప్పుడు ఊరూరా చెట్లని కౌగిలించుకుంటున్నారని టీవీలో చూసి, వీళ్లు కూడా కౌగిలించుకోడానికి ఒక చెట్టు కోసం ఊరంతా వెతికి, దొరక్క నీరసపడి ఉన్నారు. పాతికమందీ బిలబిలమంటూ డాబా ఎక్కారు.

"చెట్టెక్కడండీ?" అంది మండలి అధ్యక్షురాలు.

సత్యలింగం వేలుపెట్టి చూపించాడు. పాతికమందీ ఒకేసారి కౌగిలించుకోడానికి వీలు లేకపోయింది. వంతులు వేసుకున్నారు. ముందు అధ్యక్షురాలు కళ్లు మూసుకుని, కుండీని రెండు చేతుల్తో ఎత్తి, చెంపకి ఆనించుకుంది. ఫొటో తీసేలోగా "అమ్మో!" అని కేకపెట్టింది. చెంప నిండా ముళ్లు. మాణిక్యం పట్టకారు తెచ్చి, ఎండలో కూచోబెట్టి, ఒక్కోటీ లాగుతుంటే ఆవిడ అంత నొప్పిలోనూ మైకు వదల్లేదు. "ఈ వృక్షం తన మీద జరగబోయే దాడికి నిరసన తెలుపుతోంది!" అంది. సాయంత్రానికల్లా పాతిక సంతకాల అభ్యంతర పత్రం ఆఫీసుకి చేరింది. అభ్యంతరం వచ్చింది గనక విచారణ జరగాలి. విచారణ వచ్చే నెల పదకొండున.

పసుపు పిల్లకి అంత ఆయుష్షు లేదు. పదిహేనో రోజుకి దాని మెరుపు తగ్గింది. పద్దెనిమిదో రోజు మధ్యాన్నం ఒక పక్కకి ఒరిగింది. సత్యలింగం సెలవు పెట్టి, నెత్తి మీద తువ్వాలేసుకుని, డబ్బా పక్కనే కూచున్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"నా బతుకంతా పక్కవాడి దస్తావేజుకి నకలు రాశానే మాణిక్యం. నాదీ అని చెప్పుకోడానికి అసలొక్కటీ లేదు. ఇదొక్కటీ నాకోసం వచ్చింది. దీన్ని కూడా చంపుకుంటున్నాను," అన్నాడు.

మాణిక్యం అతని మొహంలోకి ఓసారి చూసింది. చెంగు బొడ్లో దోపింది. "లేవండక్కణ్ణించి," అంది.

"నేరమే!"

"మీకు. అర్జీ పెట్టింది మీరు, సంతకాలు పెట్టింది మీరు. నన్నెవడూ ఏ కాగితం మీదా ఎక్కించలేదు. ఆ బ్లేడిలా ఇవ్వండి."

తొమ్మిదేళ్లుగా సణుగుతూనే పక్కన నిలబడి చూసిన మనిషి చెయ్యి అది. నూట పద్దెనిమిదో నంబరు తలని వంకాయ తొడిమ తీసినట్టు ఒక్క వేటుకి తీసేసింది. ఇంకో కొత్త బ్లేడుతో పసుపు పిల్లని అడుగున కోసి, ఆ బ్లేడు మొన మీదే మోసుకొచ్చి, కాడ మధ్యలో గుండ్రంగా కనబడే నరం పక్కకి పోకుండా, కోత మీద కోత ఆనేలా దించింది. చిటికెనవేలి గోటితో మెత్తగా అదిమింది. గాలి తగలకుండా పైన గాజుగ్లాసు బోర్లించింది. అంతా అయ్యేవరకూ సత్యలింగం కళ్లు మూసుకునే ఉన్నాడు.

"తెరవండి. పోలీసులు రాలేదు," అంది మాణిక్యం.

అంటు పట్టింది. వారానికి పిల్ల నిలబడింది. మూడు వారాలకి మిరియం గింజంతయింది. నెల తిరిగేసరికి బఠానీ అంత ఉబ్బి, ఒంటినిండా దూదిపింజల్లాంటి లేతముళ్లేసుకుని, నిమ్మపండు రంగులో నిగనిగలాడింది. సత్యలింగం పొద్దున్న లేచి మొహం కడుక్కోకుండా డాబా ఎక్కేవాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే మాత్రం పరిగెత్తి దానిమీద చిల్లుల గిన్నె మూసేవాడు.

మే నెల్లో విచారణ ముగిసింది. అభ్యంతరం కొట్టేశారు. ఒక శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి వీధిలో కరెంటు పోయింది. ఆ వెనకే వీధి రెండు కొసలా తాళ్లు కట్టారు. లారీ ఒకటొచ్చి ఆగింది. ధనుంజయరావు, అతని వెనక మోకులూ, మిషన్ రంపం మోసుకుంటూ నలుగురు కూలీలూ డాబా ఎక్కారు.

"శుభవార్తండి! మీ అర్జీ మంజూరైంది," అన్నాడు ధనుంజయరావు.

సత్యలింగం చిల్లుల గిన్నెకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "అక్కర్లేదండీ. మానేశాను. అర్జీ వెనక్కి తీసుకుంటాను."

"మంజూరయ్యాక వెనక్కి తీసుకోడం లేదండి. 'మూడు దినములలో తల నరికి, ఫొటో జతపరచవలెను' అని ఆర్డరు. నంబరు నూట పద్దెనిమిది ఏదండీ?"

ధనుంజయరావు గిన్నె తీశాక బిళ్ల ఉంది, కాడ ఉంది, కాడకి తల ఉంది. ఆ తల పసుప్పచ్చగా ఉంది. ఇప్పుడు నోరు మూసుకుంటే పిల్ల తల తెగుతుంది. నోరు తెరిస్తే తను నేరస్థుడు. సత్యలింగం భార్య వైపు చూశాడు. ఆవిడ ముందుకొచ్చి ఏదో అనబోతుంటే చెయ్యడ్డం పెట్టాడు.

"తల ఇదివరకే కోసేశానండి. నేనే. అనుమతి రాకుండా. కేసు రాసుకోండి," అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లలో అతనాడిన మొదటి అబద్ధం అది.

"దేంతో కోశారు?"

"గడ్డం గీసుకునే బ్లేడుతోనండి."

ధనుంజయరావు రిజిస్టరు తెరిచి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఎత్తు ముప్పై ఒకటి, చుట్టుకొలత ఒకటి. ఇంత చెట్టుని బ్లేడుతో నరికానంటే ఎవరు ఒప్పుకుంటారండీ? నేరం రుజువవ్వదండి. మీరు పక్కకి తప్పుకోండి. ఒరే అప్పలకొండా, మిషను పట్టు!"

రంపం బర్రుమని మొదలైంది. పక్క డాబాల మీద జనం పోగయ్యారు. ముద్ర పడిన కాగితానికి జన్మలో ఎదురాడని సత్యలింగం కుండీని ఒళ్లోకి లాక్కుని, రెండు మోకాళ్లూ దగ్గరికి ముడుచుకుని, డాబా మధ్యలో కూలబడ్డాడు.

"ఆర్డరుని అడ్డుకుంటన్నారండీ!" అన్నాడు ధనుంజయరావు.

"అవునండీ! అడ్డుకుంటున్నాను! రాసుకోండి! మీ రిజిస్టరు తప్పు. మీ ఆర్డరు తప్పు. ఇది జానెడుంది, ఎప్పుడూ జానెడే ఉంది! సంతకం పెట్టిన నేను వెధవని!" సత్యలింగం గొంతు రంపం మోతని మించి వీధి చివరిదాకా వినిపించింది. మాణిక్యం కళ్లొత్తుకుంది.

అప్పలకొండ పలాస నించి వచ్చిన రంపం పనివాడు. మెయిన్ రోడ్డు మీది చెట్లలో సగం అతని చేతి మీదే పడ్డాయి. అతను వంగి, సత్యలింగం ఒళ్లోకి చూశాడు. రంపం ఆపేశాడు.

"ఏటి బాబూ ఇది? ఇది సెట్టా? ఇది సంటిపిల్ల. దీని మీదకి నన్నెందుకు తెచ్చినారు? నాను కొయ్యను," అని రంపం భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు. మిగతా ముగ్గురూ మోకులు చుట్టుకుని అతని వెనకే వెళ్లిపోయారు.

డాబా మీద ధనుంజయరావు ఒక్కడూ మిగిలాడు. సత్యలింగం పక్కన గొంతుక్కూచున్నాడు.

"విత్తనం నించేనాండీ?"

"విత్తనం నించే."

"బావుందండీ," అన్నాడు. ఆ తర్వాత నిట్టూర్చి గడి నింపాడు. 'క్షేత్ర పరిశీలనలో సదరు స్థలమున ముప్పై ఒక్క అడుగుల చెట్టు ఏదియూ కనబడలేదు.' ఆ ఫైల్లో నిజం అదొక్కటే.

నాలుగో రోజున రిజిస్టరు పోస్టులో తాఖీదు వచ్చింది. నమోదైన చెట్టు స్థలంలో లేదు గనక అది దొంగతనంగా తరలిపోయినట్టు భావించడమైనదనీ, చెట్టునూ, దాని కలపనూ, వేళ్లతో సహా, ఏడు దినములలో ఆఫీసుకి అప్పగించని యెడల బొండాడ సత్యలింగం మీద కఠిన చర్య తీసుకోబడుననీ దాని సారాంశం. దళసరి కాగితం, కింద అరచేతంత గుండ్రటి ముద్ర.

సత్యలింగం దాన్ని అలవాటు ప్రకారం నిలబడే చదివాడు. చదువుతూనే డాబా ఎక్కాడు. రోహిణీ కార్తె ఎండ నిప్పులు చెరుగుతోంది. పసుపు పిల్ల చర్మం ఒక పక్క అప్పుడే కాస్త గోధుమరంగుకి తిరుగుతోంది. వండిపెట్టే కాడ ఎంత గట్టిదైనా పైనున్నది లేతది, ఇంత ఎండకి ఆగదు.

"జవాబు రాయరా?" అంది మాణిక్యం వెనకాలే వచ్చి.

"రాస్తాలే. వానలు పడనీ," అని సత్యలింగం కుండీలో నాలుగు చీపురుపుల్లలు గుచ్చి, వాటి మీద తాఖీదు పరిచాడు. కాగితం గుండా వెలుగు పల్చగా దిగింది. ముద్ర ఉన్నచోట సిరా దట్టంగా ఉంది, నీడ బాగా చిక్కగా పడుతోంది. కాగితాన్ని రెండంగుళాలు జరిపి, ముద్ర సరిగ్గా పసుప్పచ్చ తలమీదికి వచ్చేలా సర్దాడు.